2022 ఛాంపియన్ హైదరాబాదా, జంషెడ్‌పూరా? ఒక ఫుట్‌బాల్ లెక్క

2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన జట్టు ఏది? ఈ ప్రశ్న మన తెలుగు ఇళ్లలో వేస్తే కుర్రాళ్లు రెండు వర్గాలవుతారు. ఒక వర్గం హైదరాబాద్ అంటుంది. ఇంకో వర్గం జంషెడ్‌పూర్ అంటుంది. ఎవరి చేతిలో ఫోను ఉంటే వారు తీసి చూపిస్తారు, ఆ ఫోనులోనూ రెండు పేర్లూ కనిపిస్తాయి. క్రికెట్ అలవాటైన పెద్దవాళ్లకు ఇది తలనొప్పి వ్యవహారం. గెలిచినవాడు ఒకడే ఉండాలి కదా అని అడుగుతారు.

రెండు జవాబులూ సరైనవే. ఎలాగో చెప్పాలంటే ఆ సీజను లెక్క మొత్తం ఒకసారి విప్పి చూడాలి. ఉద్యోగం ఉన్నంతకాలం చిట్టా, ఆవర్జా రాసినవాణ్ణి కాబట్టి ఆట కంటే లెక్కే నాకు బాగా అర్థమవుతుంది. లీగు ఫుట్‌బాల్ అంటే నిజానికి ఏడాది పొడుగునా రాసే ఆవర్జానే.

ఆ సీజను 2021 నవంబరు 19న మొదలయింది. మొత్తం 11 జట్లు. ప్రతి జట్టూ మిగిలిన పదింటితో రెండేసి సార్లు ఆడాలి, అంటే ఒక్కో జట్టుకు 20 మ్యాచ్‌లు. గెలిస్తే 3 పాయింట్లు, సమానంగా ముగిస్తే చెరొకటి, ఓడితే సున్నా. మామూలు రోజుల్లో ఈ రెండింటిలో ఒకటి మన ఊళ్లో, ఒకటి వాళ్ల ఊళ్లో జరగాలి. కానీ అది కోవిడ్ కాలం. అన్ని జట్లనూ గోవాలో హోటళ్లలో ఉంచి, ఫతోర్దా, బాంబోలిం, వాస్కో మైదానాల్లోనే ఆటలన్నీ నడిపించారు. లీగు మ్యాచ్‌లు చూడటానికి జనాన్ని రానివ్వలేదు. గచ్చిబౌలి స్టేడియం హైదరాబాద్ జట్టుకు సొంత మైదానం అన్న మాట ఆ ఏడాది కాగితం మీదే ఉంది.

హైదరాబాద్ జట్టుకు అది మూడో సీజను. 2019లో పుట్టిన జట్టు మొదటి ఏడాది 18 మ్యాచ్‌లలో రెండే గెలిచి, 10 పాయింట్లతో అట్టడుగున ఉంది. రెండో ఏడాది స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ అనే కోచ్ వచ్చాక అయిదో స్థానానికి ఎక్కింది. నాలుగు జట్లకే సెమీఫైనల్ కాబట్టి ఒక్క మెట్టు తక్కువయింది. మూడో ఏడాది అదే కోచ్, చాలావరకు అవే ముఖాలు. గోల్స్ కొట్టడానికి నైజీరియా వాడు బార్తొలోమ్యూ ఒగ్‌బెచె వచ్చి చేరాడు. ఆ సీజను మొత్తం మీద 18 గోల్స్ వేసి అందరికంటే ముందు నిలిచాడు.

మొదటి మ్యాచ్‌లోనే చెన్నైయిన్ చేతిలో 0-1తో ఓడిపోయింది. ఆ తరువాత ముంబయిని 3-1తో కొట్టింది. నార్త్‌ఈస్ట్ మీద ఒకసారి 5-1, ఇంకోసారి 5-0. ఒడిశా మీద 6-1. లీగు ముగిసేసరికి 43 గోల్స్ వేసింది, అన్ని జట్లలోనూ అదే ఎక్కువ. బెంగళూరుతో ఆడిన రెండు మ్యాచ్‌లూ గెలిచింది, 1-0, 2-1. మన రాయచూరు ఇళ్లలో ఈ రెండు మ్యాచ్‌ల సంగతి వేరు. బళ్లో కన్నడం, ఇంట్లో తెలుగు అయిన పిల్లలు ఏ జట్టు వైపు ఉండాలో వాళ్లే తేల్చుకోవాలి. ఒక ఇంట్లో అన్న బెంగళూరు, తమ్ముడు హైదరాబాద్ అయితే నాన్న టీవీ కట్టేసిన సందర్భాలు కూడా విన్నాను. ఇందులో ఒక చమత్కారం ఉంది. ఆ బెంగళూరు జట్టు నాయకుడు సునీల్ ఛెత్రి పుట్టింది సికింద్రాబాదులో.

ఇక అసలు పోటీ ఫిబ్రవరి చివరి వారం నుంచి మార్చి 7 వరకు జరిగింది. దీన్ని కాస్త నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే లీగులో టైటిల్ పోటీ అంటే ఏమిటో ఈ ఒక్క వారంలోనే తెలుస్తుంది.

ఫిబ్రవరి 23న హైదరాబాద్ కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించి సెమీఫైనల్ చోటు ఖాయం చేసుకుంది. అప్పటికి 18 మ్యాచ్‌లు, 35 పాయింట్లు. మార్చి 1 మ్యాచ్‌కు ముందు జంషెడ్‌పూర్ ఖాతాలో 17 మ్యాచ్‌లకు 34. అంటే పైకి మనం ముందు ఉన్నట్టు కనిపించినా, వాళ్ల చేతిలో ఇంకో మ్యాచ్ మిగిలే ఉంది. పట్టిక చూసేటప్పుడు పాయింట్ల గడి ఒక్కటే చూసి సంతోషపడకూడదని పిల్లలకు నేను చెప్పేది ఇందుకే. ఎన్ని మ్యాచ్‌లకు ఆ పాయింట్లు వచ్చాయన్నది పక్క గడిలో ఉంటుంది. నెల జీతం ఎంత అని అడిగి, నెలలో ఎన్ని రోజులు గడిచాయో అడగకపోతే ఇంటి ఖర్చు లెక్క ఎలా తేలుతుంది?

మార్చి 1న ఈ రెండు జట్లే ఎదురుపడ్డాయి. జంషెడ్‌పూర్ 3-0తో గెలిచింది.

ఈ మ్యాచ్ విలువ 3 పాయింట్లని పుస్తకంలో ఉంటుంది. నిజానికి దాని విలువ 6. ఎలాగంటే, మన ఖాతాలో పడాల్సిన 3 పడకపోగా, అవే 3 వాళ్ల ఖాతాలో పడ్డాయి. చివరికి వచ్చిన అంకెలు చూడండి: జంషెడ్‌పూర్ 43, హైదరాబాద్ 38, ఏటీకే మోహన్ బగాన్ 37, కేరళ 34. ఇప్పుడు మార్చి 1 ఫలితాన్ని ఒక్కదాన్ని తిరగేయండి, మిగిలినవేవీ ముట్టుకోవద్దు. హైదరాబాద్ 41, జంషెడ్‌పూర్ 40. పట్టికలో మొదటి స్థానం మనదయ్యేది. ఆ రోజు కనీసం డ్రా చేసుకున్నా లాభం లేకపోయేది. 39, 41 అయ్యేవి.

మా సంఘంలో ఒక కుర్రాడు ఇంకో లెక్క తెచ్చాడు. చెన్నైయిన్ ఆ ఏడాది ఎనిమిదో స్థానంలో ఉన్న జట్టు. ఆ జట్టుతో హైదరాబాద్ ఒకటి ఓడి, ఒకటి డ్రా చేసుకుంది. ఆరు పాయింట్లు రావలసిన చోట ఒక్కటే వచ్చింది, అయిదు పోయాయి. జంషెడ్‌పూర్‌కూ మనకూ ఉన్న తేడా కూడా సరిగ్గా అయిదే. "తాతగారూ, చెన్నై వాళ్లే మన కప్పు ఎత్తుకుపోయారు" అన్నాడు. లెక్క బాగానే కట్టాడు గాని ఒక మెట్టు మిగిలిపోయింది. ఆ అయిదూ వచ్చి ఉంటే రెండు జట్లూ 43 దగ్గర సమానమయ్యేవి. సమానమైతే నియమం ప్రకారం ముందు చూసేది ఆ రెండు జట్లూ తమలో తాము ఆడిన మ్యాచ్‌లను. అందులో ఒకటి 1-1, ఇంకోటి 0-3. అంటే అప్పుడు కూడా జంషెడ్‌పూరే పైన ఉండేది. దీన్ని ముఖాముఖి లెక్క అంటాను.

ఈ ముఖాముఖి లెక్క ఎంత పదునైనదో మార్చి 7న తెలిసింది. లీగులో చివరి మ్యాచ్ జంషెడ్‌పూర్, మోహన్ బగాన్‌ల మధ్య. అప్పటికి జంషెడ్‌పూర్ 40, మోహన్ బగాన్ 37. మోహన్ బగాన్ గెలిస్తే ఇద్దరూ 40 దగ్గర నిలుస్తారు. కానీ డిసెంబరులో జరిగిన మొదటి మ్యాచ్‌లో జంషెడ్‌పూర్ 2-1తో గెలిచి ఉంది. కాబట్టి మోహన్ బగాన్‌కు ఉత్తగా గెలిస్తే చాలదు, రెండు గోల్స్ తేడాతో గెలవాలి. మూడు నెలల క్రితం ఒక సాయంత్రం వేసిన ఒక గోలు ఇప్పుడొచ్చి బరువు తూగుతుందన్నమాట. రిత్విక్ దాస్ వేసిన ఒకే గోలుతో జంషెడ్‌పూర్ 1-0తో గెలిచింది. వరసగా ఏడో గెలుపు అది. పట్టికలో మొదటి జట్టుకిచ్చే లీగ్ షీల్డు వాళ్లకు వెళ్లింది. జంషెడ్‌పూర్ అన్న కుర్రాళ్ల జవాబు ఇది.

ఇదే సమయంలో ఇటలీలో కూడా దాదాపు ఇలాంటి పోటీయే నడిచింది. అక్కడి మొదటి శ్రేణి లీగును సెరీ ఆ అంటారు. 20 జట్లు, ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు. 2021-22లో మిలాన్ నగరానికే చెందిన రెండు జట్లు, ఏసీ మిలాన్, ఇంటర్, చివరి రోజు దాకా వెళ్లాయి. 2022 మే 22 ఉదయానికి మిలాన్ 83, ఇంటర్ 81. ఇంటర్ గెలిచి, మిలాన్ డ్రా చేసుకుంటే ఇద్దరికీ 84. అప్పుడు మళ్లీ ముఖాముఖి లెక్కే. ఆ ఏడాది వీళ్లిద్దరూ ఆడిన లీగు మ్యాచ్‌లలో ఒకటి 1-1, ఫిబ్రవరిలో జరిగిన రెండోది మిలాన్ 2-1తో గెలిచింది. అందువల్ల మిలాన్‌కు డ్రా చాలు, ఇంటర్‌కు గెలుపూ చాలదు. చివరికి ఇద్దరూ 3-0తోనే గెలిచారు. మిలాన్ 86, ఇంటర్ 84. పదకొండేళ్ల తరువాత మిలాన్‌కు టైటిల్ వచ్చింది.

ఇంటర్ అభిమానులు ఇప్పటికీ ఏప్రిల్ 27ను తలుచుకుంటారు. ఆ రోజు బొలోన్యాలో స్కోరు 1-1గా ఉండగా, గోల్ కీపర్ రాదు కాలికి వచ్చిన మామూలు బంతిని సరిగా తన్నలేకపోయాడు. ఎదుటివాడు దాన్ని గోల్‌లోకి నెట్టేశాడు. ఇంటర్ 1-2తో ఓడింది. 38 మ్యాచ్‌ల పుస్తకంలో ఒక్క పద్దు తప్పు పడితే చివరి పేజీలో తేలుతుంది. ఆఫీసుల్లో పనిచేసినవారికి ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఇటలీకీ మనకూ పెద్ద తేడా ఒకటుంది. అక్కడ పట్టికలో మొదట ఉన్నవాడే ఛాంపియన్. సెమీఫైనల్, ఫైనల్ అంటూ ఏమీ ఉండవు. గెలిచిన జట్టు మరుసటి ఏడాది చొక్కా మీద ఇటలీ జెండా రంగుల్లో చిన్న బిళ్ల కుట్టుకుంటుంది. దాన్ని స్కుదెట్టో అంటారు, ఆ మాటకు అర్థం చిన్న డాలు అని. అంటే వాళ్ల దగ్గర షీల్డే సర్వస్వం. ఇద్దరు సమానమైతే ఒక్క మ్యాచ్ ఆడించి తేల్చిన సందర్భం 1964లో వచ్చింది. బొలోన్యా, ఇంటర్ సమానంగా ముగిస్తే, రోమ్‌లో జరిగిన ఆ మ్యాచ్‌లో బొలోన్యా 2-0తో గెలిచింది. మొదటి స్థానానికి అలాంటి మ్యాచ్ ఆడించే పద్ధతిని 2022-23 నుంచి మళ్లీ తెచ్చారు. 2025లో నాపోలి 82, ఇంటర్ 81తో ముగిసి, ఒక్క పాయింటు తేడాలో ఆ అవసరం తప్పిపోయింది.

మన దగ్గర ఐపీఎల్ పద్ధతి కలిపారు. అప్పట్లో పట్టికలో మొదటి జట్టుకు షీల్డు ఇచ్చేవారు. కానీ ఛాంపియన్ అనే బిరుదు, కప్పు మాత్రం ఆ తరువాత జరిగే సెమీఫైనళ్లు, ఫైనల్ గెలిచినవారికి. 2022లో సెమీస్‌లో మొదటి జట్టు నాలుగో జట్టుతో, రెండోది మూడో దానితో రెండేసి మ్యాచ్‌లు ఆడాయి. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి చూస్తారు. కేరళ 1-0, 1-1తో జంషెడ్‌పూర్‌ను ఇంటికి పంపింది. ఇరవై మ్యాచ్‌లలో కూడబెట్టినదంతా రెండు రాత్రుల్లో పక్కకు పోయింది. హైదరాబాద్ మొదటి మ్యాచ్‌లో మోహన్ బగాన్‌ను 3-1తో కొట్టింది. ముందు గోలు తిని, తరువాత ఒగ్‌బెచె, యాసిర్, సివెరియో ఒక్కొక్కటి వేశారు. రెండో దాంట్లో 0-1తో ఓడినా, మొత్తం మీద 3-2తో ఫైనల్ చేరింది.

ఫైనల్ 2022 మార్చి 20, ఆదివారం. ఫతోర్దా స్టేడియంలోకి ఆ రోజు జనాన్ని రానిచ్చారు, కేరళ వాళ్లు పసుపు చొక్కాలతో స్టేడియం నింపేశారు. గోవా వాళ్లకు దగ్గర, మలయాళీలకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం, మన వైపు జనం పలచన. రెండో సగంలో కేరళకు రాహుల్ గోలు వేశాడు. ఆట అయిపోవస్తున్నదనగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా గాలిలో ఉన్న బంతిని దూరం నుంచే తన్ని స్కోరు సమం చేశాడు. అదనపు అరగంటలో ఎవరికీ గోలు రాలేదు. పెనాల్టీలకు వెళ్లింది.

పెనాల్టీ షూటౌట్ అంటే లీగు లెక్కకు పూర్తిగా వ్యతిరేకం. పన్నెండు గజాల దూరం, ఒక తన్నేవాడు, ఒక కీపర్. హైదరాబాద్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని. గోవావాడే గాని, కట్టిమని అన్న ఇంటిపేరు మన ఉత్తర కర్ణాటకలో కొత్త కాదు. కన్నడ నవలలు చదివేవారికి బసవరాజ కట్టీమని పేరు తెలుసు. ఈ కట్టిమని మూడు పెనాల్టీలు ఆపాడు. వాటిలో నిషు కుమార్‌ది రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. మొదటిసారి ఆపినప్పుడు కీపర్ గీత వదిలి ముందుకొచ్చాడని రిఫరీ మళ్లీ తన్నించాడు. మళ్లీ ఆపాడు. చివరి పెనాల్టీని అస్సాం కుర్రాడు హాలిచరణ్ నర్జారీ వేయడంతో హైదరాబాద్ 3-1తో గెలిచింది. హైదరాబాద్ అన్న కుర్రాళ్ల జవాబు ఇది.

నన్నడిగితే షీల్డే పెద్దది. నాలుగు నెలలు అందరితో రెండుసార్లు ఆడి పైన నిలవడం కంటే, ఒక రాత్రి పెనాల్టీలు గెలవడం గొప్పదని అనలేను. ఈ మాట మన సంఘం సమావేశంలో అంటే ఇద్దరు మిత్రులు నాతో ఆ పూట టీ తాగలేదు. కప్పు వచ్చిన రాత్రి నేను కూడా నిద్రపోలేదన్నది వేరే సంగతి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఫైనల్లో హైదరాబాద్ తరఫున మొదట బరిలోకి దిగిన పదకొండు మందిలో తెలుగు కుర్రాడు ఒక్కడూ లేడు. మణిపూర్, ఉత్తరప్రదేశ్, సిక్కిం, బెంగాల్, గోవా, మహారాష్ట్ర వాళ్లు, స్పెయిన్, బ్రెజిల్, నైజీరియా వాళ్లు ఉన్నారు. జట్టు పేరులో ఊరు ఉంది, జట్టులో ఊరివాళ్లు లేరు. ఒకప్పుడు పరిస్థితి ఇందుకు తలకిందులుగా ఉండేది.

1956 నవంబరు 1 వరకు మన రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనిదే. పాత కుటుంబాల పెద్దలకు హైదరాబాదే రాజధాని, కోర్టు, ఆసుపత్రి, చదువు అన్నీ. ఇప్పటికీ బెంగళూరు కంటే అదే దగ్గర, దాదాపు సగం దూరం. ఆ హైదరాబాదులో ఒక బడి పంతులు ఉండేవాడు, సయ్యద్ అబ్దుల్ రహీం. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చింది. భారత జట్టుకు కూడా రహీమే కోచ్. 1951 ఆసియా క్రీడల్లో బంగారు పతకం. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో హైదరాబాదు ఆటగాళ్లు చాలామంది ఉన్నారు. లతీఫ్, అజీజ్, నూర్ మహమ్మద్, సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం వారిలో కొందరు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఎప్పుడూ ఒక రకంగా ఉంటుంది. మన జిల్లా హైదరాబాదును వదిలి మైసూరు రాష్ట్రంలో కలిసింది నవంబరు 1న. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, రహీం జట్టు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్ చేరింది. బొంబాయికి ఆడే నెవిల్ డిసౌజా మూడు గోల్స్ వేశాడు. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో, కంచు పతకం పోటీలో బల్గేరియా చేతిలో ఓడి మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకంటే పైకి మళ్లీ వెళ్లలేదు. 1962లో జకార్తాలో రెండో ఆసియా బంగారం వచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో రహీం క్యాన్సర్‌తో చనిపోయాడు. ఈయన మీదే 2024లో అజయ్ దేవగణ్‌తో మైదాన్ అనే హిందీ సినిమా తీశారు. మన పిల్లలకు రహీం పేరు తెలిసింది చాలావరకు ఆ సినిమా వల్లే.

అలాంటి ఊరికి అరవై ఏళ్ల తరువాత మళ్లీ దేశం మొత్తం చూసే కప్పు వచ్చిందని 2022లో అందరం సంబరపడ్డాం. మరుసటి ఏడాది కూడా జట్టు బాగానే ఆడింది. 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం, 46తో ముంబయి షీల్డు గెలిచింది. సెమీస్‌లో మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లూ 0-0, చివరికి పెనాల్టీల్లో ఓటమి. ముందటేడు ఇచ్చిన పెనాల్టీలే ఈ ఏడు తీసుకుపోయాయి.

ఆ తరువాతది చెప్పడానికి సంతోషంగా లేదు. కోచ్ మనోలో గోవా జట్టుకు వెళ్లిపోయాడు. ఆటగాళ్లకు చెల్లించవలసిన డబ్బు బాకీ పడింది. బాకీల వల్ల కొత్త ఆటగాళ్లను తీసుకోవడానికి వీల్లేదని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీయులు, పేరున్నవారు ఒక్కొక్కరే వెళ్లిపోగా, 2023-24లో మిగిలిన పిల్లలతో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి గెలిచింది. ముందు ఏడాది 42 పాయింట్లు, ఆ ఏడాది 8. పన్నెండు జట్లలో చివరిది. తరువాత బీసీ జిందాల్ గ్రూపు యాజమాన్యం తీసుకుంది. ఇంకో సీజను పట్టిక అడుగునే గడిచింది. 2025లో జట్టును ఢిల్లీకి మార్చి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టారు.

అంటే 2022 కప్పు గెలిచిన జట్టు ఇప్పుడు హైదరాబాదులో లేదు. మన కుర్రాళ్లకు ఇది మింగుడుపడటం లేదు. "జట్టు ఓడిపోతే సరే, వెళ్లిపోవడం ఏమిటి?" అని ఒక అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు లీగు కట్టిన తీరులోనే ఉంది.

ఇటలీలో అడుగున ఉన్న మూడు జట్లు కింది శ్రేణికి దిగిపోతాయి, కింది నుంచి మూడు పైకి వస్తాయి. డబ్బు లేక దివాలా తీసినా అంతే, కిందికి దిగాలి, కానీ ఊరు మారదు. నాపోలి క్లబ్బు 2004లో దివాలా తీసింది. మారడోనా ఆడిన జట్టు అది. కొత్త యజమాని మూడో శ్రేణి నుంచి మొదలుపెట్టాడు. 2007కు తిరిగి సెరీ ఆకు వచ్చింది, 2023లో ఛాంపియన్ అయింది. పార్మా 2015లో కుప్పకూలి నాలుగో శ్రేణిలో ఔత్సాహికుల మధ్య ఆడింది. మూడేళ్లలో పైకి వచ్చింది. అన్నాళ్లూ ఆ నేపుల్స్ జనం, ఆ పార్మా జనం అదే స్టేడియంకు వెళ్లి అదే రంగు చొక్కాలకు చప్పట్లు కొట్టారు. జట్టు కింద పడింది, కానీ పడింది వాళ్ల ముంగిట్లోనే.

ఐఎస్ఎల్ అలా కట్టింది కాదు. ఇక్కడ జట్టు అంటే ఆడటానికి ఒక యాజమాన్యం తీసుకున్న చోటు. ఆ రోజుల్లో ఎన్ని మ్యాచ్‌లు ఓడినా కిందికి దింపేవారు కాదు. అందుకే 2019-20లోను, 2023-24లోను అట్టడుగున ఉన్నా హైదరాబాద్‌కు మరుసటి ఏడాది చోటు పోలేదు. ఓడినందుకు శిక్ష లేదని అప్పుడు మనకు బాగానే అనిపించింది. కానీ అదే చోటును యజమాని ఇంకో ఊరికి ఎత్తుకుపోవచ్చు. ఢిల్లీ డైనమోస్ 2019లో భువనేశ్వర్ వెళ్లి ఒడిశా అయింది. అదే ఏడాది పుణే సిటీ మూతపడితే, ఆ ఖాళీలోనే హైదరాబాద్ జట్టు పుట్టింది. ఆ రోజు పుణేలో చొక్కాలు కొనుక్కున్న పిల్లల గురించి మనలో ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు ఢిల్లీ వాళ్లు మన గురించి ఆలోచించాలని కోరడం కష్టం.

సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో మూడు తరాలుగా ఉన్న మన కుటుంబాలకు ఊరు మారడమంటే ఏమిటో తెలుసు. భూమి కొని, కాలువ నీళ్లు వచ్చేదాకా ఎదురుచూసి, బడి, గుడి కట్టుకుంటే గాని ఒక చోటు సొంతం కాదు. గచ్చిబౌలిలో ఆ జట్టుకు సొంతంగా పాతుకునే వ్యవధి దొరకలేదు. కప్పు గెలిచిన సీజను మొత్తం గోవాలోనే గడిచిపోయింది కదా. గెలుస్తున్న నెలల్లో హైదరాబాదు పిల్లలు మైదానానికి వెళ్లి చూడగలిగి ఉంటే, కొంత జనబలం ఏర్పడి ఉండేదేమో. యజమానుల బాకీలు జనబలంతో తీరతాయని కాదు, కానీ తరలించేముందు రెండుసార్లు ఆలోచించేవారు.

తెలుగు నేల మీద అఖిల భారత స్థాయి క్లబ్బు ఆ ఒక్కటే కాదు. 2021లో శ్రీనిధి డెక్కన్ అనే జట్టు ఐ-లీగులో చేరింది. మన ఇళ్లలో దీని పేరు తెలిసినవారు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. అప్పట్లో ఐఎస్ఎల్‌కు తరువాతి మెట్టు ఐ-లీగు. 2022-23 నుంచి ఐ-లీగులో మొదటి స్థానంలో నిలిచిన జట్టుకు ఐఎస్ఎల్‌లో చోటు ఇవ్వడం మొదలుపెట్టారు, మొదటి జట్టుకు మాత్రమే. ఇక్కడ సెమీఫైనల్ లేదు, పెనాల్టీలు లేవు, ఇటలీలాగా పట్టికే పట్టిక. ఆ మొదటి ఏడాది పంజాబ్ మొదట నిలిచింది, శ్రీనిధి రెండోది. పంజాబ్ పైకి వెళ్లింది. 2023-24లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ మొదట నిలిచింది, శ్రీనిధి మళ్లీ రెండోది. మహమ్మడన్ పైకి వెళ్లింది. వరసగా రెండేళ్లు ఒకే ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయిన ఆ జట్టు పట్టికను మన కుర్రాళ్లు ఒకసారి తీసి, ఏ మ్యాచ్‌లలో పాయింట్లు పోయాయో మార్చి 1 లెక్కలాగా కట్టి చూడవచ్చు. కాగితం, పెన్సిలు మన సంఘం గదిలో ఉంటాయి, ఆదివారం సాయంత్రం అయిదు తరువాత గది తెరిచే ఉంటుంది.